పంపే ముందు మోడల్ బరువు దించడం

హైదరాబాద్ బాలానగర్‌లో పంపుసెట్లు తయారుచేసే చిన్న కంపెనీ ఒకటి ఉందనుకుందాం. ఇనుప చట్రం మీద పంపు, మోటారు, రెంటినీ కలిపే కప్లింగు, దానిమీద రక్షణ కవచం, పక్కన ప్రెషర్ గేజీలు, కంట్రోల్ ప్యానెల్. ఇవన్నీ బిగించి ఒకే యూనిట్‌గా అప్పజెబుతారు. అలాంటివి పన్నెండు విశాఖపట్నం దగ్గర పరవాడ ఫార్మా సిటీలో కట్టబోయే ప్లాంటుకు వెళ్లాలి. ప్లాంటు లేఅవుట్ గీస్తున్న ఇంజనీరు పంపుసెట్ త్రీడీ మోడల్ అడుగుతాడు. డిజైనర్ తన కంప్యూటర్లో ఉన్న అసెంబ్లీని ఉన్నదున్నట్టు జిప్ చేసి లింకు పంపేస్తాడు. అవతల ఆ ఫైలు దిగడానికే చాలాసేపు పడుతుంది. దిగాక సగం పార్టులు దొరకడం లేదని సాఫ్ట్‌వేర్ చెబుతుంది. అన్నీ దొరికినా, ప్లాంటు మోడల్‌లో పన్నెండు చోట్ల దాన్ని పెట్టేసరికి తెర కదలడం మానేస్తుంది.

ఫైలు పెద్దది కాబట్టి ఇబ్బంది వచ్చిందని చాలామంది అనుకుంటారు. పంపే మార్గాలు ఇప్పుడు బోలెడు. ఎంత పెద్ద ఫైలైనా ఎలాగోలా చేరుతుంది. అసలు చిక్కు ఇంకోచోట ఉంది. పంపు తయారు చేయడానికి కావలసిన సమాచారం వేరు, పంపును ఒకచోట పెట్టడానికి కావలసిన సమాచారం వేరు. రెండోది అడిగినవాళ్లకు మొదటిది పంపాం. ఈ తేడా మనసులో పెట్టుకుంటే, ఏం తీసేయాలి, ఏం ఉంచాలి అన్న ప్రశ్నలన్నిటికీ దారి దొరుకుతుంది.

క్యాడ్, అంటే కంప్యూటర్ మీద చేసిన డిజైన్ ఫైలు లోపల ఏముంటుందో ముందు చూద్దాం. అసెంబ్లీ అంటే విడివిడి పార్టుల ఫైళ్లను ఒకదానికొకటి బిగించినట్టు చూపే ఫైలు. చాలా సాఫ్ట్‌వేర్లలో దానిలో ప్రధానంగా ఉండేది ఏ పార్ట్ ఎక్కడుంది, ఏది దేనికి ఆనుకుని ఉంది అన్న లెక్క. ఆకారం కోసం అది పార్ట్ ఫైళ్లను వెతుక్కుంటుంది. అసెంబ్లీ ఫైలు ఒక్కటే పంపితే అవతల పార్టుల పేర్ల జాబితా తప్ప సరిగా ఏమీ తెరుచుకోకపోవడానికి కారణం ఇదే.

ఇక పార్ట్ ఫైలులో ఆకారంతోపాటు ఆ ఆకారాన్ని కట్టిన క్రమమూ ఉంటుంది. ముందు ఒక దిమ్మె, దానికో రంధ్రం, రంధ్రం అంచుకు చిన్న వంపు, ఆ రంధ్రాన్నే వృత్తం చుట్టూ ఎనిమిది సార్లు. ఒక కొలత మారిస్తే తర్వాతవన్నీ మళ్లీ లెక్కకట్టుకుంటాయి. 1980ల చివర్లో ప్రో-ఇంజనీర్ అనే సాఫ్ట్‌వేర్‌తో ఈ పద్ధతి వ్యాపించింది. డిజైనర్‌కు ఇది వరం. ఒక దర్జీని ఊహించుకోండి. ఆయన దగ్గర కొలతలు, కత్తిరింపు వరస రాసుకున్న పుస్తకం ఉంటుంది. కుట్టిన జాకెట్టు ఉంటుంది. ఆ జాకెట్టు ఫొటో ఉంటుంది. సాఫ్ట్‌వేర్ సొంత ఫైలులో పుస్తకమూ జాకెట్టూ రెండూ ఉంటాయి. స్టెప్ అనే తటస్థ ఫైలులో మామూలుగా జాకెట్టు మాత్రం ఉంటుంది: అసలైన వంపులు, సరైన కొలతలు ఉంటాయి, కట్టిన క్రమం ఉండదు. ఐఎస్‌ఓ 10303 అనే అంతర్జాతీయ ప్రమాణంగా స్టెప్ 1994లో మొదట వెలువడింది. మూడోది, ఫొటో లాంటిది, త్రిభుజాల మెష్. చూడడానికి పనికొస్తుంది, కొలవడానికి అంతగా పనికిరాదు.

ఈ త్రిభుజాల సంగతి కాస్త నిదానంగా చెప్పుకోవాలి, బరువంతా అక్కడే ఉంది కనుక. కంప్యూటర్‌లోని గ్రాఫిక్స్ కార్డు దాదాపు ప్రతి ఆకారాన్నీ త్రిభుజాలుగా విడగొట్టుకునే గీస్తుంది. చదునైన పలక రెండు త్రిభుజాలతో సరిపోతుంది. వంపుకు మాత్రం చాలా కావాలి. 10 మి.మీ. వ్యాసం ఉన్న గుండ్రటి రంధ్రం తీసుకోండి. అసలు వృత్తానికీ దాని బదులు గీసే బహుభుజికీ మధ్య తేడా 0.1 మి.మీ. మించకూడదంటే 16 భుజాలు చాలు. 0.01 మి.మీ. మించకూడదంటే 50 భుజాలు కావాలి. రంధ్రం గోడకు ఒక్కో భుజానికి రెండేసి త్రిభుజాలు.

ఇప్పుడు అదే వ్యాసమున్న ఎం10 బోల్టు చూడండి. దాని మామూలు మరల పిచ్ 1.5 మి.మీ. అంటే 30 మి.మీ. పొడవున మరలు 20 చుట్లు తిరుగుతాయి. ఒక్కో చుట్టులో రెండు వాలు తలాలు, పైన ఒక అంచు, లోపల ఒక గాడి, మొత్తం నాలుగు పట్టీలు. చుట్టును 50 ముక్కలు చేస్తే పట్టీకి 100 త్రిభుజాలు, చుట్టుకు 400, బోల్టుకు 8,000. మరలు తీసేసి నున్నటి కడ్డీగా ఉంచితే, అంతే నాణ్యతతో, సుమారు 200. పన్నెండు పంపుసెట్లలో కలిపి అయిదువందల బోల్టులున్నాయనుకుంటే, మరలతో 40 లక్షల త్రిభుజాలు, మరలు లేకుండా లక్ష. బైనరీ ఎస్‌టీఎల్ అనే ఫైలు రకంలో ఒక్కో త్రిభుజానికి 50 బైట్లు పడుతుంది. మొదటి లెక్కకు 200 ఎంబీ, రెండోదానికి 5 ఎంబీ. ఎవరూ దగ్గరికెళ్లి చూడని బోల్టు మరల కోసం ఇంత తేడా!

మూలల వంపులూ ఇంతే. మామూలు పెట్టెకు ఆరు ముఖాలు. దాని అన్ని అంచులనూ కొద్దిగా గుండ్రం చేస్తే ఆరు ముఖాలు, పన్నెండు అంచుల పట్టీలు, ఎనిమిది మూలల గోళాకార ముక్కలు కలిపి ఇరవై ఆరవుతాయి. అందులో ఇరవై వంపు తలాలే. చేతికి గీసుకోకుండా పెట్టిన ఆ వంపు తయారీలో ఎంతో అవసరం. లేఅవుట్‌లో దానితో పనే లేదు.

పెద్ద కంపెనీలకు కూడా ఈ బాధ తప్పలేదు. 1994 జూన్ 12న తొలిసారి ఎగిరిన బోయింగ్ 777ను ఫ్రాన్స్‌కు చెందిన కాటియా సాఫ్ట్‌వేర్‌తో పూర్తిగా కంప్యూటర్ మీదే డిజైన్ చేశారు. దానిలో చిన్నా పెద్దా కలిపి సుమారు 30 లక్షల భాగాలు. డిజైన్ చేసిన సాఫ్ట్‌వేర్‌లోనే అన్నిటినీ ఒకేసారి తెరిచి చూడడం ఆనాటి యంత్రాలకు సాధ్యం కాదు. అందుకని బోయింగ్ ఫ్లైత్రూ అనే వేరే ప్రోగ్రామ్ రాయించుకుంది. పార్టుల తేలిక రూపాలతో విమానం లోపల తిరుగుతూ ఏ గొట్టం దేనికి తగులుతోందో చూసుకునేవాళ్లు. పదేళ్ల తర్వాత, 2004లో, జర్మనీలోని సార్లాండ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అదే విమానం మోడల్‌ను దాదాపు 35 కోట్ల త్రిభుజాలతో, ఏదీ తగ్గించకుండా, ఒక పీసీ మీద తిప్పి చూపించారు. అది పరిశోధనా పత్రం రాయదగ్గ విషయమైంది. మామూలు ఆఫీసు కంప్యూటర్ మీద మనం అలాంటిది ఆశించడం న్యాయం కాదు.

మన పంపుసెట్ దగ్గరికి వద్దాం. లేఅవుట్ ఇంజనీరు అడిగే ప్రశ్నలు లెక్కపెట్టదగినన్నే. ఇది ఎంత చోటు ఆక్రమిస్తుంది? ఫౌండేషన్ బోల్టులు ఎక్కడ వస్తాయి? సక్షన్, డెలివరీ ఫ్లేంజిలు ఏ ఎత్తున, ఏ వైపు తిరిగి ఉన్నాయి? కరెంటు కేబులు ఎక్కడినుంచి లోపలికి వెళ్తుంది? బరువెంత, ఆ బరువు ఏ బిందువు మీద పడుతుంది? మరమ్మతుకు చుట్టూ ఎంత ఖాళీ కావాలి? ఈ ప్రశ్నలకు జవాబులు చెప్పే తలాలూ రంధ్రాలూ మిల్లీమీటరు తేడా లేకుండా ఉండాలి. మిగతాది ఎంత మొరటుగా ఉన్నా నష్టం లేదు.

పని మొదలుపెట్టేటప్పుడు ముందు అక్కర్లేని పార్టులను మొత్తంగా తీసేయాలి, ఆ తర్వాతే ఉన్న పార్టుల మీది చిన్న వివరాల జోలికి వెళ్లాలి. పంపు లోపలి ఇంపెల్లరు, షాఫ్టు, మెకానికల్ సీలు, బేరింగుల్లోని గుండ్లు, ప్యానెల్ లోపలి రిలేలు. ఇవి బయటినుంచి కనిపించవు, కనుక ఒక్క దెబ్బకు పోతాయి. వందల పార్టులు ఇక్కడే తగ్గిపోతాయి. దీనికి క్యాడ్ సాఫ్ట్‌వేర్లైన క్రియోలో ష్రింక్‌ర్యాప్, సాలిడ్‌వర్క్స్‌లో డీఫీచర్, ఇన్వెంటర్‌లో సింప్లిఫై అన్న పనిముట్లు ఉన్నాయి. పేర్లు వేరైనా చేసేది ఒకటే: లోపలివి వదిలేసి పైతొడుగును పట్టుకుని కొత్త మోడల్ తయారుచేయడం.

తర్వాత చిన్న వివరాలు. మరలు, అంచుల వంపులు, చెక్కిన కంపెనీ పేరు, మోటారు మీది చల్లబరిచే రెక్కలు. ఈ సాఫ్ట్‌వేర్లు ఒక వెసులుబాటు ఇస్తాయి: ఫలానా వ్యాసం కన్నా చిన్నవైన రంధ్రాలన్నీ మూసేయమని చెప్పవచ్చు. ఇక్కడ మాత్రం జాగ్రత్త. 20 మి.మీ. కన్నా చిన్నవన్నీ మూసేయమంటే, అక్కర్లేని రంధ్రాలు వంద పోతాయి, వాటితోపాటు చట్రం అడుగున ఉన్న 18 మి.మీ. ఫౌండేషన్ రంధ్రాలూ పోతాయి. అవతలివాళ్లకు అన్నిటికన్నా ముఖ్యమైనవి అవే. ఏ రంధ్రం దేనికో సాఫ్ట్‌వేర్‌కు తెలియదు, దానికి వ్యాసం మాత్రమే తెలుసు. అందుకే ఈ మీట నొక్కేముందు ఉంచవలసిన రంధ్రాలను, ఫ్లేంజి ముఖాలను విడిగా ఎంచి పెట్టుకోవాలి. చాలా పనిముట్లలో ఆ సౌకర్యం ఉంది. వాడేవాళ్లే తక్కువ. ఈ పనిలో నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పదలుచుకున్నది ఇదే.

మోటారు రెక్కల గురించి ఒక మాట. వాటిని తీసేసి మోటారును వాటి చివరల వ్యాసమున్న నున్నటి స్తంభంగా మార్చవచ్చు. రెక్కల మొదళ్ల దగ్గరి వ్యాసం తీసుకుంటే మోటారు అసలుకన్నా సన్నగా కనిపించి, పక్కనుంచి గొట్టం వెళ్తుందని అవతలివాళ్లు నమ్ముతారు. తేలిక చేసిన ఆకారం ఎప్పుడూ అసలుకు సమానంగానో, కాస్త పెద్దగానో ఉండాలి.

పైతొడుగును ఒకే ఘనాకారంగా కలిపేస్తే ఫైలు తప్పకుండా చిన్నదవుతుందని అనుకుంటాం. అలా కాని సందర్భాలున్నాయి. అసెంబ్లీలో ఒకే బోల్టు నలభై చోట్ల ఉంటే, బోల్టు ఆకారం ఒక్కసారే నిల్వ అవుతుంది. మిగతా చోట్ల ‘అదే బోల్టు, ఈ స్థానంలో’ అన్న చిన్న గుర్తు మాత్రం ఉంటుంది. అన్నిటినీ ఒకే పార్ట్‌గా కలిపినప్పుడు ఆ బంధం తెగిపోతుంది. నలభై బోల్టుల ఆకారమూ నలభై సార్లు రాసుకోవాల్సి వస్తుంది. బోల్టులను తీసేయకుండా కలిపిన మోడల్ అసలు అసెంబ్లీ కన్నా పెద్దదైతే ఆశ్చర్యపోనక్కర్లేదు. ఎస్‌టీఎల్‌లోనూ ఈ గుర్తుల సౌకర్యం లేదు. స్టెప్‌లోనూ, జేటీ, జీఎల్‌టీఎఫ్ అనే ఫైలు రకాల్లోనూ ఉంది.

చూడడానికి మాత్రమే అయితే, అంటే కొనుగోలుదారుకు ఫోన్లోనో బ్రౌజర్లోనో తిప్పి చూపించడానికైతే, మెష్ చాలు. దూరాన్నిబట్టి ఒకే వస్తువుకు ముతక రూపం, నాజూకు రూపం వేర్వేరుగా ఉంచుకోవచ్చని కంప్యూటర్ గ్రాఫిక్స్ పరిశోధకుడు జేమ్స్ క్లార్క్ 1976లోనే రాశారు. వాహన పరిశ్రమలో బాగా వాడే జేటీ ఫైళ్లు అలా పలు స్థాయిల రూపాలను ఒకేచోట మోస్తాయి. ఉన్న మెష్‌లో త్రిభుజాలను తగ్గించే పద్ధతులూ ఉన్నాయి. మైకేల్ గార్లాండ్, పాల్ హెక్‌బర్ట్ 1997లో ప్రచురించిన పద్ధతి వాటిలో పేరున్నది. ఏ అంచును నొక్కేస్తే ఆకారం తక్కువ చెడుతుందో లెక్కగట్టి, తక్కువ నష్టమున్నవాటినుంచి మొదలుపెట్టి తీసేస్తూ పోతుంది. శిల్పాలకూ స్కాన్ చేసిన వస్తువులకూ ఇది చక్కగా పనిచేస్తుంది. యంత్రాలకు ముందుగా దీన్నే ప్రయోగించడం నాకు నచ్చదు. మెష్‌గా మారిన తర్వాత రంధ్రం రంధ్రంగా మిగలదు, కొన్ని త్రిభుజాల వరసగా మిగులుతుంది. అలంకారపు గాడి ఏదో, బోల్టు రంధ్రం ఏదో తెలియకుండానే రెంటినీ నలిపేస్తుంది. క్యాడ్‌లో ఉన్నప్పుడే సరళం చేసి, తర్వాత మెష్‌గా మార్చడం మేలు. పైగా మెష్ మీద కొలతలు తీయకూడదు. పైన చెప్పిన 16 భుజాల రంధ్రంలో ఎదురెదురు భుజాల మధ్య కొలిస్తే 10 మి.మీ. బదులు 9.8 వస్తుంది.

ఆకారం తేలికైనంత మాత్రాన యంత్రం బరువు మారకూడదు కదా. కానీ మోడల్‌లో మారిపోతుంది. లోపలి పార్టులు తీస్తే బరువు తగ్గుతుంది. లోపలి ఖాళీని నింపేస్తే పెరుగుతుంది. 600, 400, 300 మి.మీ. కొలతలున్న ప్యానెల్ పెట్టెను చూడండి. రేకు పెట్టె, లోపల కొన్ని స్విచ్‌లు. ఇద్దరు మనుషులు ఎత్తగలిగేది. సరళం చేసేటప్పుడు సాఫ్ట్‌వేర్ దాన్ని గట్టి ఉక్కు దిమ్మెగా నింపేస్తే, ఉక్కు సాంద్రత ఘనపు మీటరుకు 7,850 కిలోలు కాబట్టి, బరువు 565 కిలోలని చూపిస్తుంది. దాన్ని నమ్మి పునాది వేసినా, క్రేన్ తెప్పించినా తప్పే. అసలు అసెంబ్లీనుంచి బరువును, గురుత్వ కేంద్రాన్ని ముందే రాసుకుని, తేలిక మోడల్‌లో చేత్తో నింపాలి. ప్రధాన సాఫ్ట్‌వేర్లన్నీ దీనికి వీలిస్తాయి.

మోడల్‌లో అసలు లేనిది ఒకటి చేర్చాల్సి కూడా వస్తుంది: ఖాళీ జాగా. ప్యానెల్ తలుపు పూర్తిగా తెరుచుకునే మేర, ఫిల్టరు బయటికి లాగే పొడవు, మోటారు వెనక ఫ్యాను గాలి పీల్చుకునే దూరం. వీటిని పారదర్శకమైన దిమ్మెలుగా గీసి, విడి పేరుతో పెడితే, లేఅవుట్‌లో ఎవరైనా అక్కడ గొట్టం గీసినప్పుడు సాఫ్ట్‌వేరే ఢీకొంటోందని చూపిస్తుంది. తీసేసే పనిలో పడి ఈ చేర్చే పనిని మర్చిపోతుంటారు. అన్ని తేలిక మోడళ్లలో నేను మొదట వెతికేది దీన్నే.

రహస్యాల విషయం. ఇంపెల్లరు రెక్కల వంపు మీద ఏళ్ల తరబడి కష్టపడిన కంపెనీకి అదే ఆస్తి. సొంత ఫైలు పంపితే ఆ వంపే కాదు, దాన్ని ఏ లెక్కతో గీశారో కూడా చేతికిచ్చినట్టే. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, పార్టును కనిపించకుండా దాచి, తీసేశామనుకోవడం. దాచిన పార్ట్ ఫైలులోనే ఉంటుంది. అవతల ఒక్క క్లిక్‌తో బయటపడుతుంది. తేలిక మోడల్ అసలు అసెంబ్లీకి ముడిపడి ఉంటే ఆ ముడిని కూడా, పంపే కాపీలో, తెంచాలి. పార్టుల పేర్లు చూడండి: సరఫరాదారుల పేర్లు, లోహం గ్రేడు, కొనుగోలు కోడ్‌లు అక్కడ మిగిలిపోతుంటాయి. చివరి ఫైలును తయారుచేసిన కంప్యూటర్లో కాకుండా, అసలు ఫైళ్లు లేని ఇంకో కంప్యూటర్లో తెరిచి చూస్తేనే ఏం వెళ్తోందో తెలుస్తుంది.

అలా తెరిచి చూసినప్పుడే కొలతల ప్రమాణమూ తేలిపోతుంది. ఎస్‌టీఎల్ ఫైలులో అంకెలుంటాయి గానీ అవి మిల్లీమీటర్లో అంగుళాలో రాసి ఉండదు. మిల్లీమీటర్లను అంగుళాలుగా చదివితే వస్తువు 25.4 రెట్లు పెరుగుతుంది. జీఎల్‌టీఎఫ్‌లో అంకెలన్నీ మీటర్లే అని నియమం, 1,500 మి.మీ. చట్రాన్ని 1500 అనే అంకెగా రాసేస్తే అది కిలోమీటరున్నర పొడవవుతుంది. పైగా ఆ ప్రమాణంలో పైకి చూపే అక్షం వై. చాలా ఇంజనీరింగ్ సాఫ్ట్‌వేర్లలో జెడ్. పంపు పక్కకు పడుకుని కనిపిస్తే కారణం అదే. మోడల్ మూలబిందువు కూడా చట్రం మూలలోనో, ఒక ఫౌండేషన్ రంధ్రం మధ్యలోనో ఉండేలా చూడాలి.

బలాన్ని లెక్కగట్టే విశ్లేషణకు పంపేటప్పుడు పైన చెప్పినవి అలాగే వర్తించవు. అక్కడ బయటి మెరుగులు పోవచ్చు, కానీ ఒత్తిడి పోగుపడే మూలలో ఉన్న చిన్న వంపు తీసేస్తే ఫలితమే తారుమారవుతుంది. భవనం డిజైన్ చేసేవాళ్లకు ఐఎఫ్‌సీ అనే రకం ఫైలు కావాలి, దానిలో ఆకారం కన్నా వస్తువు రకం, సామర్థ్యం, కరెంటు అవసరం వంటి వివరాలకే విలువ. ఒకే తేలిక మోడల్ అందరికీ సరిపోదు. హైదరాబాద్‌లో 1991లో ఇన్ఫోటెక్ ఎంటర్‌ప్రైజెస్‌గా మొదలై ఇప్పుడు సైయెంట్ పేరుతో ఉన్న సంస్థ వంటి ఇంజనీరింగ్ సేవల కంపెనీల్లో పనిచేయబోయే మన పిల్లలకు కాలేజీలో మోడల్ కట్టడం నేర్పుతున్నారు. దాన్ని ఎవరికి ఎలా విప్పి ఇవ్వాలో కూడా అదే సెమిస్టర్లో నేర్పితే బాగుంటుంది.

డిజైన్ మారినప్పుడు తేలిక మోడల్ తనంతట తాను మారదు, ముఖ్యంగా ముడి తెంచి పంపేసిన కాపీ. డెలివరీ ఫ్లేంజిని 50 మి.మీ. పైకి జరిపారనుకోండి, అవతలి ప్లాంటు మోడల్‌లో గొట్టాలు పాత ఎత్తుకే చేరుతుంటాయి. కనుక ముడి ఉన్న తేలిక మోడల్ ఒకటి కంపెనీలోనే ఉంచుకోవాలి. అసలు మారిన ప్రతిసారీ దాన్ని తాజా చేసి, రివిజన్ అంకె వేసి, కొత్త కాపీ పంపాలి. ఫైలు పేరులోనే ఆ అంకె ఉండాలి. మోడల్‌తోపాటు అరపేజీ కాగితం జతచేయాలి: ఇది లేఅవుట్ కోసం మాత్రమే, తయారీకి కాదు, ఏ తలాలు, ఏ రంధ్రాలు కచ్చితమైనవి, ఏవి తీసేశాం, బరువెంత, గురుత్వ కేంద్రం ఎక్కడ, కొలతలు మిల్లీమీటర్లలో, మూలబిందువు ఏ ఫౌండేషన్ రంధ్రం దగ్గర, ఏ రివిజన్ డ్రాయింగ్ ఆధారంగా తయారుచేశాం, ఏ తేదీన.